మీటర్ల వెలుగుకి దారి తప్పిన విమానం

"బండిలో మీటర్ల లైట్లు పోయాయనుకో, మామూలు మనిషి ఏం చేస్తాడు? మెకానిక్కు దగ్గరికి పరిగెత్తుతాడు. నేను పరిగెత్తలేదు. కూర్చుని ఆలోచించాను," అన్నాడు మా సాకియూసా బావ, ఖాళీ కొబ్బరిచిప్ప నా చేతికిస్తూ.

సాకియూసా ఆలోచించానన్నాడంటే ఇంక సాయంత్రం దాకా ఎవరూ లేవనక్కర్లేదు. ఊరిపెద్ద అమినియాసి మావ ఇంటి వసారాలో చాపల మీద పదిమందిమి కూర్చుని ఉన్నాం. బయట వాన. నా ముందు కాళ్ళున్న చెక్క తొట్టి, అందులో యంగోనా, మా దీవుల్లో తాగే వేరు నీళ్ళు. వేరు దంచి, నీళ్ళలో పిసికి, వడగట్టి, చిప్పతో ముంచి వరసగా అందరికీ అందించడం నా పని. అది తాగితే నాలిక మొద్దుబారుతుంది, ఒళ్ళు తేలికవుతుంది, కోపాలు వాటంతటవే పోతాయి. సాకియూసా నాలిక మాత్రం ఎన్ని చిప్పలు తాగినా ఎందుకో మొద్దుబారదు.

ఇవాళ్టి యంగోనా సరదాకి కలిపింది కాదు. క్షమాపణ కింద లివాయ్ తెచ్చిన వేరు ఇది. పన్నెండు రోజుల కిందట, బుధవారం చీకటి పడే వేళ, లివాయ్ సింగతోక సంత నుంచి ఊరి బండి తోలుకొస్తూ దిగువ వంతెన దగ్గర సాకియూసా పికప్‌ని వెనక నుంచి గుద్దేశాడు. బండిలో ఎనిమిదిమంది ఆడవాళ్ళున్నారు. దేవుడి దయవల్ల ఒకరికి మోచెయ్యి బెణకడంతో పోయింది. "ముందు నాకేమీ కనపడలేదు," అన్నాడు లివాయ్. కనపడలేదంటే కునుకు తీశావన్నమాటేగా, అంది ఊరు.

మాలో పద్ధతి ఏమిటంటే, వెనక నుంచి గుద్దినవాడు ముందు తల వంచాలి. ఎలా జరిగిందని ఆరా తియ్యడం ఉండదు. ఇవాళ మధ్యాహ్నం లివాయ్ వేరుకట్ట రెండు చేతుల్లో పట్టుకుని మోకాళ్ళ మీద నడిచొచ్చి సాకియూసా ముందు పెట్టాడు. సాకియూసా దాన్ని తాకి, దొప్పచేతులతో చప్పట్లు కొట్టి పుచ్చుకున్నాడు. దాంతో ఆ సంగతి పూడ్చేసినట్టే. ఇంక దాన్ని ఎవడు తవ్వితే వాడిదే తప్పు.

సంగతి పూడింది గానీ లివాయ్ చేతిలోంచి బండి పోయింది. అతను కందవు దీవి వాడు, మా ఊరి ఆడపడుచు వాసితిని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. ఇల్లరికపు మనిషికి ఊళ్ళో ఎంత మర్యాద ఉంటుందో చెప్పక్కర్లేదు. సొంత భూమి లేదు, సభలో మాట లేదు. ఏడేళ్ళుగా ఊరి ఆడవాళ్ళ కూరగాయలు సంతకి చేరేసే బండి ఒక్కటే అతనికి ఈ ఊళ్ళో పేరు. తొట్టి ఖాళీ అయ్యాక, బండి తోలడానికి వేరే మనిషిని చూస్తున్నానని, అప్పటిదాకా కూరగాయలు సాకియూసా పికప్‌లో వెళ్తాయని అమినియాసి మావ చెప్పాలి. శుక్రవారం ఓడకి పెళ్ళాం పిల్లలతో కందవు వెళ్ళిపోతానని లివాయ్ అప్పుడే అనేశాడట. నాకు చాలా బాధగా ఉంది. చెయ్యగలిగిందేమీ లేక, తొట్టి తొందరగా ఖాళీ కాకుండా చిప్పలు కాస్త వెలితిగా ముంచుతున్నాను.

అందరిలోకీ ఇవాళ హుషారుగా ఉన్నది సాకియూసా ఒక్కడే. క్షమాపణ పుచ్చుకున్న మనిషికి పెద్దపీట కదా. అతను మా మేనత్త కొడుకు. మాలో బావలు ఒకరినొకరు ఎంత ఎగతాళి చేసుకున్నా కోపం తెచ్చుకోకూడదు. అందుకే అతని కోతలకి అడ్డు తగిలే ఉద్యోగం చిన్నప్పట్నించీ నాదే.

"ఇంతకీ ఎప్పుడు పోయాయి బావా లైట్లు?" అన్నాను.

"మనవాళ్ళు రగ్బీ కప్పు గెలిచిన మర్నాడు. గుర్తుందా, పికప్ చుట్టూ రంగు బల్బుల తోరణం కట్టి ఊరేగించాను. బడి దాటామో లేదో తోరణం ఆరిపోయింది. మీకందరికీ తోరణం ఆరిపోవడమే కనపడింది. లోపల మీటర్లు కూడా ఆరిపోయాయి. స్పీడు ముల్లు లేదు, డీజిలు ముల్లు లేదు, ఇంజను వేడి ముల్లు లేదు. అక్కడ మీరైతే దిగిపోదురు. నేను పాట అందుకుని బండి ముందుకి పోనిచ్చాను."

"పాట మాకూ వినపడింది," అన్నాడు అమినియాసి మావ.

"ఆ రోజు మొదలు మూడు వారాలు. మూడు వారాలు మీటర్లు లేకుండా తోలాను మావా. ఎలా తోలానో తెలుసా? చెవితో. వెనక టార్పాలిన్ కట్టి ఉంటుందిగా, ముప్పైలో పోతుంటే అది నెమ్మదిగా టప్పు టప్పుమంటుంది. యాభైకి కోడి రెక్కలు కొట్టుకున్నట్టు ఉంటుంది. అరవై దాటిందా, పాస్టరు గారు ఆకలేసినప్పుడు బైబిలు పేజీలు తిప్పినట్టు ఉంటుంది. రెండు రోజుల్లో నాకు లెక్క పట్టుబడిపోయింది. టప్పుకీ టప్పుకీ మధ్య ఎంతసేపో చూసి స్పీడు చెప్పేస్తా, ఒక్క కిలోమీటరు అటూ ఇటూ పోదు."

"మరి డీజిలు?"

"వాసన. ట్యాంకు నిండుగా ఉంటే ఒక వాసన, సగానికి దిగితే ఇంకో వాసన. అడుగంటితే వాసన కూడా రాదు, అప్పుడే జాగ్రత్త పడాలి. ఇంజను వేడి అంటావా, అది కాలితో. నేను చెప్పుల్లేకుండా తోలేది ఊరికే అనుకున్నారా? అరికాలు పెట్టి చూస్తే ఇంజనుకి జ్వరం ఉందో లేదో తెలిసిపోతుంది. ఇంకో సంగతి. నేను బ్రేకు తొక్కను. బ్రేకు తొక్కడం చేతకానివాళ్ళ పని. ఎంత దిగుడైనా గేరు మీదే, మంచం దిగినంత నెమ్మదిగా దిగుతా."

"పొద్దున చీకట్లో సంతకి పోయేటప్పుడు భయమేయలేదా?"

"భయమా? అందరినీ ముందు పోనిచ్చి చివర బయల్దేరేవాణ్ణి. అయినా అందరికంటే ముందు నేనే చేరేవాణ్ణి."

అతను చివర బయల్దేరడం నిజమే. నాలుగింటికి లేవలేడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సింగతోక వంతెన దగ్గర పోలీసు ఆపాడు. చేతిలో స్పీడు కొలిచే తుపాకీ. పొట్టివాడు, మీసాలు కూడా సరిగ్గా రాలేదు. 'ఎంత స్పీడులో వస్తున్నావు?' అన్నాడు. మీటరు చూడ్డానికి లేదు కదా. చెవి గుర్తుచేసుకున్నా. 'నలభై ఏడు' అన్నా. వాడు తుపాకీ చూసుకున్నాడు. నలభై ఆరని ఉంది. నా మొహం చూశాడు, మళ్ళీ తుపాకీ చూశాడు. 'క్షమించండి సార్, ఇది పాడైనట్టుంది' అని దాన్ని బాగుచేయించడానికి ఏకంగా రాజధానికి, సువాకి పంపించేశాడు."

నవ్వులు. నేను చిప్ప ముంచి అమినియాసి మావకి ఇచ్చాను. ఆయన ఒక చప్పట కొట్టి, తాగేముందు అనాల్సిన "బులా" అని, గడగడా తాగి తిరిగిచ్చాడు. లివాయ్ తాటాకు తడికకి ఆనుకుని చాప అంచు పీకుతూ కూర్చున్నాడు. అతనొక్కడూ నవ్వలేదు.

"అంత బాగా తోలుతుంటే ఇంక బాగుచెయ్యడం దేనికి?" అన్నాను.

"ప్యాసింజర్ల కోసం బావా. ముందు సీట్లో కూర్చున్నవాళ్ళు చీకట్లో మీటర్లు చూసి బెంగపెట్టుకుంటున్నారు. సరే, ఒక శనివారం మామిడిచెట్టు కింద బండి పెట్టి మొదలుపెట్టా. ముందు ఏం చూడాలి? నేర్చుకోండి, ఊరికే చెప్తున్నా. స్టీరింగు పక్కన వేలెడంత చక్రం ఉంటుంది, మీటర్ల వెలుగు పెంచడానికీ తగ్గించడానికీ. పదిమందిలో ఆరుగురి బండ్లలో ఏ పిల్లాడో దాన్ని కిందికి తిప్పేసి ఉంటాడు. వీళ్ళు ఆ సంగతి చూసుకోకుండా మెకానిక్కు చుట్టూ తిరుగుతుంటారు. తిప్పి చూశా. పైకి, కిందికి. లాభం లేదు."

ఇంతవరకూ నమ్మొచ్చు. అతనికి బండి పని తెలుసు, అది కాదనలేం.

"తర్వాత బల్బులు. మీటర్ల పెట్టె మొత్తం ఊడదీశా. లోపల ఏం దొరికిందో తెలుసా? మా అమ్మ ఆరేళ్ళ కిందట పోగొట్టుకున్న కళ్ళజోడు. దాని వెనక రెండు కీర్తనల పుస్తకాలు. వాటి వెనక, గుడ్ల మీద పొదుగుతున్న కోడిపెట్ట."

"కోడి అందులోకి ఎలా దూరింది?"

"అది కోడినే అడగాలి. ఏడు గుడ్లు. వెచ్చగా ఉంటుందని చేరినట్టుంది. పాపం లేపడం ఎందుకని, గుడ్లతో సహా ఒళ్ళో కూర్చోబెట్టుకుని పని చేశా. నేను స్క్రూ విప్పుతుంటే అది ముక్కుతో పట్టుకుని పక్కన పెట్టేది. అంత తెలివైన కోడిని మళ్ళీ చూళ్ళేదు."

"ఇప్పుడెక్కడుంది?"

"ఆదివారం కూర వండాం. సరే, బల్బులు ఒక్కొక్కటీ తీసి వెలుగుకి పట్టి చూశా. అన్నీ బాగున్నాయి. ఇక్కడ ఇంకో పాఠం. అన్ని బల్బులూ ఒక్కసారే మాడిపోవు. అన్నీ ఒక్కసారే ఆరాయంటే జబ్బు బల్బులో లేదు, కరెంటు వచ్చే దారిలో ఉంది. దారి వెతకాలంటే టెస్టరు కావాలి. నా దగ్గర లేదు. నాలిక ఉంది."

"నాలికతోనా?" అన్నాడు అమినియాసి మావ.

"కరెంటున్న వైరు నిమ్మకాయ రుచి మావా. లేని వైరు పచ్చి కర్రపెండలం రుచి. మొత్తం నూట నలభై రెండు వైర్లు. వరసపెట్టి నాకాను. వందో వైరు దగ్గరికొచ్చేసరికి నా జుట్టు నిక్కబొడుచుకుని, ఒళ్ళో ఉన్న కోడి నన్ను చూసి ఝడుసుకుంది. రేడియో పెట్టకుండానే నా పళ్ళలోంచి సువా వార్తలు వినపడ్డాయి. వార్తలు అయ్యేదాకా ఆగి మళ్ళీ మొదలుపెట్టా."

"మంచి వార్తలేనా?"

"టమాటా ధర పడిపోయిందన్నారు. నూట ఇరవై ఒకటో వైరు చప్పగా తగిలింది. దొరికావురా అనుకున్నా. దాన్ని పట్టుకుని పాకుతూ వెళ్ళా. సీటు కింద నుంచి, తలుపు పక్క నుంచి, బండి కింద నుంచి. ఎక్కడ తేలిందో తెలుసా? వెనక లైట్ల దగ్గర. ఆ లైట్లు కొత్తవి, పొద్దునే డబ్బాలోంచి తీసి బిగించినవి. అవీ వెలగట్లేదు. అప్పుడు దొరికింది నాకు రహస్యం. మీటర్ల లైట్లకీ వెనక ఎర్ర లైట్లకీ ఫ్యూజు ఒకటే. అది కాలిపోతే ముందు మీటరూ కనపడదు, వెనక దీపమూ వెలగదు. ఊరేగింపు రోజున తోరణానికి కరెంటు నేను లాగింది ఆ వెనక లైటు వైరు నుంచే. అన్ని బల్బుల బరువు మొయ్యలేక ఫ్యూజు మాడిపోయింది. ఈ ముక్క సింగతోక మెకానిక్కుల్లో సగంమందికి తెలీదు, కావాలంటే అడిగి చూడండి."

చిప్ప నా చేతిలోనే ఆగిపోయింది. తడిక దగ్గర లివాయ్ తలెత్తి సాకియూసాని చూశాడు. చూసి, మళ్ళీ దించుకున్నాడు. అతను నోరు విప్పడానికి లేదు. క్షమాపణ చెప్పుకున్నవాడు గంట తిరక్కముందే ఆ సంగతి ఎత్తితే, చెప్పుకున్నది కూడా చెల్లదు.

మిగతావాళ్ళు కోడి గురించే నవ్వుకుంటున్నారు.

"అది ఏ శనివారం బావా?" అన్నాను.

"ఏది?"

"నీకు రహస్యం దొరికిన శనివారం."

"మొన్న కాదు, అంతకుముందుది. ఎందుకు?"

"ఊరికే. చెప్పు."

"ఫ్యూజు కావాలి కదా. శనివారం మధ్యాహ్నం, కొట్లు మూసేసే వేళ. పోనీలే అని నేనే తయారుచేశా. చర్చి గిటారు తీగె ఒకటి తెగి పడుంటే, వెంట్రుకలో సగం మందానికి సాగదీసి, ఫ్యూజు పెట్టెలో బిగించా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? స్విచ్చి వేస్తే ముందు వెలుగు రాలేదు, శ్రుతి వచ్చింది. గిటారు తీగె కదా, దాని అలవాటు దానిది. చర్చిలో పాట సాధన చేస్తున్నవాళ్ళు నా బండి శ్రుతికి గొంతు కలిపారు. వాళ్ళు అంత కలిసికట్టుగా ఎప్పుడూ పాడలేదని పాస్టరు గారే అన్నారు."

"ఆ తర్వాత వెలుగు వచ్చిందా?"

"వచ్చిందా అంటావేంటి. మూడు వారాలు బిగబట్టుకున్న వెలుగు ఒక్కసారి వస్తే ఎలా ఉంటుంది? పొద్దుగూకుతోంది. నేను చక్రం కొంచెం పైకి తిప్పా, ఇంతే, గోరంత. డాష్‌బోర్డు లోంచి వెలుగు అద్దం దాటి, దొడ్డి దాటి, ఏటి అవతలి గట్టు మీద పడింది. చెట్లెక్కిన కోళ్ళు తెల్లారిందనుకుని దిగొచ్చాయి. గబ్బిలాలు పండ్లు వదిలేసి ఇళ్ళకి పోయాయి. ఏటికి అటుపక్క టమాటా తోటలు ఉన్నాయి చూడు, వెలుగు పడినవైపు కాయలన్నీ పండిపోయాయి, రెండోవైపు పచ్చిగానే ఉన్నాయి."

"అందుకా ఆ వారం టమాటా ధర పడిపోయింది," అన్నాడు అమినియాసి మావ.

"మరి. పైకి చెప్పుకోలేదు గానీ, అది నావల్లే. ఇంకా వినండి. చక్రం ఇంకో గోరంత తిప్పా. తిప్పకుండా ఉండాల్సింది. నాంది విమానాశ్రయానికి పోతున్న విమానం ఒకటి, పెద్దది, రెండు వందలమంది ఉండే రకం, సముద్రం మీంచి నా వెలుగు చూసి ఇదే రన్‌వే అనుకుని లోయలోకి మళ్ళింది. కొబ్బరిచెట్ల మీదికి దిగిపోతోంది. నేను బండి దిగి, లుంగీ సర్దుకుని, చెయ్యి ఊపా. పైలట్ కిటికీ తెరిచాడు. 'నాంది ఇదేనా?' అన్నాడు. 'కాదు బాబూ, ఇక్కడ కూరగాయలు పండుతాయి. ఏటి వెంట సముద్రం దాకా వెళ్ళి, అక్కడ కుడిచేతి వైపు తిరుగు' అన్నా. 'చాలా థాంక్సు. ఆ లైట్లు ఎవరు చేశారు?' అన్నాడు. 'నేనే' అన్నా. 'మా కంపెనీలోకి రా, కోటు, టోపీ ఇస్తాం' అన్నాడు. ఆలోచించా. నేను పోతే ఈ ఊరి వంకాయలు సంతకి ఎవరు తోలతారు? అదే చెప్పా. అతని కళ్ళు చెమ్మగిల్లాయి. లోపల కూర్చున్నవాళ్ళు కూడా చెయ్యి ఊపారు. అప్పుడు నేను బండెక్కి, వేలితో చక్రం కిందికి తిప్పేశా. లోయంతా చీకటైంది. విమానం దాని దారిన అది పోయింది."

అందరూ పడి పడి నవ్వారు. అమినియాసి మావ కళ్ళు తుడుచుకున్నాడు. తొట్టిలో ఇంక నాలుగైదు చిప్పలకి మించి లేదు. నేను ఒకటి నిండుగా ముంచి సాకియూసాకి ఇచ్చాను. అతను చప్పట కొట్టి తాగి చిప్ప తిరిగిచ్చేదాకా ఆగాను.

"బావా," అన్నాను. "విమానం సంగతి నేనడగను. కోడి సంగతీ అడగను. ఇవాళ పూడ్చిన సంగతి అసలే తవ్వను. నాకు నీ ఫ్యూజు గురించే చిన్న అనుమానం."

"అడుగు. బండి గురించి ఏదైనా అడుగు."

"కప్పు గెలిచిన మర్నాడు మాడిపోయిందన్నావు. శనివారం దాకా మాడిపోయే ఉందన్నావు. ఆ శనివారానికి మూడు రోజుల ముందు ఒక బుధవారం వచ్చింది. ఆ బుధవారం చీకటి పడే వేళ నీ బండి వెనక ఎర్ర దీపాలు వెలుగుతున్నాయా?"

నవ్వులు తగ్గడానికి కొంచెంసేపు పట్టింది. ముందు అమినియాసి మావ ఆగాడు, తర్వాత ఒక్కొక్కరూ ఆగారు. గుమ్మంలో నిలబడ్డ వాసితి చంకలో పిల్లని ఇటు నుంచి అటు మార్చుకుంది.

సాకియూసా తొట్టి వైపు చూశాడు. నాకతని మీద జాలేసింది. ఎంతైనా బావ.

"ఇదంతా కోతేనంటావా, అలాగే అను," అన్నాను. "నవ్వుకుని లేచిపోతాం. ఎవరూ ఏమీ అనుకోరు."

మనసులో మాత్రం, అనకు బావా, ఈ ఒక్కసారికి కోత అనకు, అనుకుంటున్నాను. కోత అనేస్తే అతనికి ఏ నష్టమూ లేదు. వేరూ అతనిదే, రేపట్నించి కూరగాయల బేరమూ అతనిదే. అయితే నలభై ఏళ్ళలో తను చెప్పిన కథని కోత అని ఒప్పుకోవడం మేమెవరం చూళ్ళేదు. అతను లివాయ్ వైపు చూశాడు. లివాయ్ చాప వైపే చూస్తున్నాడు.

"విమానం రాలేదు," అన్నాడు సాకియూసా.

నేను చిప్ప తొట్టిలో పెట్టేశాను.

"టమాటాలు వాటంతటవే పండాయి. గిటారు తీగె కాదు, ఫ్యూజు కొట్లో కొన్నాను. కోడి లేదు. పోలీసు నన్ను ఆపలేదు." ఒక్కొక్కటీ చెప్పి ఆగుతున్నాడు, బండిలోంచి బస్తాలు దించుతున్న మనిషిలా. "ఫ్యూజు ఒకటేనన్నది నిజం మావా. ఆ బుధవారం నా వెనక దీపాలు లేవు. నాకప్పుడు తెలీదు, ఒట్టు. శనివారం తెలిసింది. తెలిసి ఊరుకున్నాను."

"ఎందుకు ఊరుకున్నావు?" అన్నాడు అమినియాసి మావ, మెల్లగా.

"అప్పటికే ఊరంతా ఒక మాట అనేసుకుంది. నన్నెవరూ అడగలేదు. అడక్కుండా ఇన్ని చెప్పేవాణ్ణి, ఇదొక్కటీ నోట్లోంచి రాలేదు. సిగ్గేసింది. ఇవాళ ఆ వేరు నా ముందు పెట్టినప్పుడు మరీ సిగ్గేసింది. అందుకే వాగుతూ కూర్చున్నాను."

సాకియూసా లేచి, లుంగీ బిగించుకుని, గొడుగైనా తీసుకోకుండా వానలోకి దిగిపోయాడు. ఎవరం పిలవలేదు. వాళ్ళ ఇల్లు నాలుగు ఇళ్ళ అవతలే. కాసేపటికి తడిసి ముద్దై వచ్చాడు, చంకలో ఆకు చుట్టిన వేరుకట్ట, లివాయ్ తెచ్చినదానికంటే పెద్దది. వాళ్ళమ్మాయి పెళ్ళికని మూడేళ్ళుగా పెంచిన మొక్క వేరు అది, నాకు తెలుసు.

మెట్ల దగ్గరే మోకాళ్ళ మీదికి దిగాడు. వాన నీళ్ళు చాప మీద కారుతుండగా లివాయ్ దాకా అలాగే వచ్చి, వేరుకట్ట రెండు చేతులతో అతని ముందు పెట్టాడు. ఇలాంటప్పుడు చెప్పాల్సిన మాటలు చాలా ఉంటాయి, పెద్దల పేర్లు, వంశాల పేర్లు, సాకియూసా అయితే గంట చెప్పగలడు.

"తప్పు నాది లివాయ్. నువ్వు కునుకు తియ్యలేదు," అన్నాడు, అంతే.

లివాయ్ వెంటనే తాకలేదు. ఊళ్ళో మనిషి, అందులోనూ పెద్దవాడు, ఇల్లరికం వచ్చినవాడి ముందు అలా కూర్చోవడం అతనికి అలవాటు లేదు. వాసితి వైపు చూశాడు. ఆమె చీర కొంగు లాగా భుజం మీద వేసుకున్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు లివాయ్ వేరు మీద చెయ్యి వేసి, దొప్పచేతులతో చప్పట్లు కొట్టాడు. మేమందరం కొట్టాం. నేను కొంచెం గట్టిగానే కొట్టాను.

"రోపాతె, కొత్త వేరు పిసికి కలుపు," అన్నాడు అమినియాసి మావ నాతో. ఆ తర్వాత లివాయ్ వైపు తిరిగి, ఎప్పటిలాగే అడిగాడు. "రేపు సంతకి బండి ఎన్నింటికి అల్లుడూ?"

లివాయ్ బయట వాన వైపు చూశాడు.

"నాలుగింటికి మావా. వానకి దారి బాలేదు, వంకాయలున్నవాళ్ళు మూడున్నరకే గోనెలు గుమ్మంలో పెట్టమనండి."